గేదెతో పాటు పోయిన ‘అనుకుందాం’

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టాలంటే మనిషికి నాలుగు తెల్లవెంట్రుకలైనా ఉండాలి కాబోలు. నాకింకా అవి రాలేదు (వచ్చినా ఒప్పుకోను). అయినా బడి తలుపులకు తాళం పడి, పాఠాలన్నీ ఫోనులోకి దూరిన ఆ కరోనా కాలం గుర్తొస్తే మాత్రం అదేదో మా తాతల నాటి సంగతిలాగే ఉంటుంది. నల్లబల్లకు బదులు అరచేతిలో పట్టే గాజుపలక, హాజరు పలకడానికి బొటనవేలి బొమ్మ, బడిగంటకు బదులు ‘టింగ్’మనే చప్పుడు. ఇప్పుడు మా బడిలో గోడంత తెర ఉంది. వేలితో తాకితే చాలు, గోళాలూ శంకువులూ గిరగిరా తిరుగుతాయి. పిల్లలు వాటిని చూసి ఆవలిస్తారు. వాళ్ళు ఆవలించినప్పుడల్లా నాకు కాలువ గట్టు మీద తలకిందులుగా పెట్టిన స్టూలూ, దాని కాలికి రబ్బరుబ్యాండ్లతో కట్టిన నా పాత ఫోనూ గుర్తొస్తాయి. వాటితో పాటు నేను ఒకే ఒక్క పూట ఇంజనీరుగా వెలిగిన సంగతి కూడా గుర్తొస్తుంది.

నాది రాయచూరు పక్కన యాపలదిన్ని. బీయెడ్ అయిన వెంటనే దొరికిన మొదటి ఉద్యోగం బాళగనూరు దాటాక ఒక క్యాంపులో, ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచరు. క్యాంపు అంటే గుడారాలు కావు. తుంగభద్ర కాలువ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి వరి వేసుకున్న రైతులు కట్టుకున్న ఊళ్ళను మా జిల్లాలో అలాగే అంటారు. తరాలు మారినా వాళ్ళ మాట మారలేదు. ‘ఏవండీ, రండి, కూర్చోండి’ అంటూ సాగదీస్తారు. నాదేమో ‘ఏంది, గిట్ల, అట్ల’. నేను నోరు తెరిస్తే చాలు, నేను అద్దెకున్న ఇంటావిడ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆమెను మా ఊరి అలవాటు కొద్దీ ‘చిన్నమ్మా’ అని పిలిచాను. “చిన్నమ్మేంటమ్మా, శుభ్రంగా పిన్నీ అను” అంది. అలా ఆమె పిన్నీ, ఆమె భర్త బాబాయీ అయ్యారు. వాళ్ళ పొలం కాలువ మొదట్లోనే ఉంది, పొలంలో బోరు కూడా ఉంది. అందుకేనేమో, బాబాయి ముఖంలో ఎప్పుడూ కంగారు కనిపించేది కాదు, మాట కూడా వినిపించేది కాదు. పిన్ని ఆ కొరత తీర్చేది. “నువ్వు మాట్లాడుతుంటే నాకు నీరావరి ఆఫీసుకెళ్ళినట్టే ఉంటదమ్మాయ్” అని ఆటపట్టించేది. నీరావరి ఆఫీసు అంటే కాలువ వ్యవహారాలు చూసే ఆఫీసు. అక్కడి ఉద్యోగుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళందరూ మా రాయచూరు వైపు వాళ్ళేనట. క్యాంపుల్లో మా యాసకు ఆఫీసు యాస అని పేరు. ఆ మాటకు అప్పుడు నేనూ నవ్వాను.

బడి మూతపడ్డాక సెక్రటరీ గారు ఒకరోజు ఫోను చేశారు. “టీచరుగారూ, ఇహ మన బడి ఫోనులోనేనండి. పదో తరగతి గ్రూపు మీ చేతిలో పెడుతున్నాను. పిల్లలు గ్రూపులో ఉన్నంతకాలం బడి ఉన్నట్టు. జారిపోయారంటే మళ్ళీ పట్టుకురావడం మీవల్లా కాదు, నావల్లా కాదు” అన్నారు. ఆయన మాటలో నిజముంది. పొలం పనుల్లో పడిన పిల్లలు మళ్ళీ బడి ముఖం చూస్తారో లేదోనని ఆ ఏడు అందరికీ లోపల బెంగగానే ఉండేది. నేను మాత్రం కొత్త ఉద్యోగం ఉత్సాహంలో ఉన్నాను. ఒక్క పిల్లను కూడా జారనివ్వనని నాకు నేనే గట్టిగా మాట ఇచ్చుకున్నాను.

గ్రూపు పిల్లలదే అనుకున్నాను గానీ ఫోన్లు నాన్నలవి. నేను సరూప త్రిభుజాల పాఠం పెడితే, దాని కింద ఒకాయన మంచుబిందువులున్న గులాబీతో శుభోదయం చెప్పేవాడు. ఇంకొకాయన పురుగు తిన్న ఆకు ఫొటో పెట్టి, “మేడంగారూ, దీనికేం మందు కొట్టమంటారండీ?” అని అడిగేవాడు. మొదట్లో ‘ఇది గణితం గ్రూపు అండీ’ అని మర్యాదగా రాసేదాన్ని. తరువాత బాబాయిని అడిగి మందు పేరు రాయడం మొదలుపెట్టాను (ఆ మందు పనిచేసిందట. ఆ సంతోషంలో ఆయన కొడుకును కూర్చోబెట్టి, ఎగ్గొట్టిన హోంవర్కులన్నీ ఒక్క సాయంత్రంలోనే చేయించి పంపాడు). నాన్నలు ఇంటికి చేరాక గానీ హోంవర్కు ఫొటోలు వచ్చేవి కావు. వచ్చినవాటి మీద ఆవకాయ మరకలుండేవి. ఒకసారి జవాబు కాగితానికి బదులు ఎవరిదో కొత్త ట్రాక్టరు ఫొటో వస్తే, పరధ్యానంలో దానికి ‘వెరీ గుడ్, నీట్‌గా ఉంది’ అని రాశాను. ఆ నాన్న తెగ సంబరపడ్డాడు. ఇళ్ళల్లో సిగ్నలు ఉండీ లేనట్టు ఉండేది. పూర్తిగా దొరికేది కాలువ గట్టు మీదే. అందుకని పాఠం వేళకు పిల్లలు గట్టు పొడుగునా దూరదూరంగా, ఫోన్లలోకి తలలు వంచి కొంగల్లా కూర్చునేవారు.

ఆ గ్రూపులో నన్ను అందరికంటే ఎక్కువ సతాయించిందీ, అందరికంటే ఎక్కువ సంతోషపెట్టిందీ ఒకే పిల్ల. ఆమె ఉండేది కాలువకు చిట్టచివర ఉన్న చిన్న క్యాంపులో. ఆ ఏడే మా బడిలో చేరింది, చేరేసరికే బడి మూతపడి ఉంది. అంటే నేను ఆమెను ఎన్నడూ చూడలేదు. ఫోను నాన్నది కాబట్టి ఆమె పంపే ప్రతి మాట పక్కనా బారెడు మీసాలున్న ఒక మనిషి ఫొటో కనిపించేది. ఆ మీసాల వెనక నుంచి సన్నటి గొంతు వినిపించేది: “మేడం, ఒక డౌటండి.” ఆమెకు డౌటు లేని రోజు లేదు. ‘అది ఎక్స్ ఎందుకవ్వాలండి, వై అయితే ఏంటండి?’ అని ఒకరోజు. ‘గోళం నిజంగా ఎక్కడుందండి, చూపించండి’ అని ఇంకోరోజు. నేను ఆమెకు డౌటమ్మ అని పేరు పెట్టుకున్నాను. అంత గట్టిగా అడిగే పిల్ల కాబట్టి పొడుగ్గా, దిట్టంగా ఉంటుందని ఊహించుకున్నాను.

అయితే డౌటమ్మ చదువుకు ఒక షరతు ఉంది. గ్రూపులో చేర్చుకున్నప్పుడే వాళ్ళ నాన్న ఫోనులో చెప్పేశాడు. “చూడండి మేడంగారూ, కాలవలో నీళ్ళొచ్చేదాకా ఫోను పిల్ల దగ్గరే ఉంచుతాను. నీళ్ళొచ్చాక మటుకు కుదరదండి. ట్రాక్టరోళ్ళతో మాట్లాడాలి, నాట్లోళ్ళతో మాట్లాడాలి, అన్నీ దాంట్లోనే కదండీ. పిల్లక్కూడా పొలంలో పనుంటది.” కాలువ చివర పొలాల సంగతి నాకు అప్పటికే అర్థమైంది. పైనున్నవాళ్ళు తాగగా మిగిలితేనే కిందికి నీళ్ళు. ఒక్కో ఏడు ఆలస్యంగా వస్తాయి, ఒక్కో ఏడు వచ్చినట్టే వచ్చి ఆగిపోతాయి. అందుకని ఆ వైపు వాళ్ళంతా ఆకాశం వంకా, కాలువ గేటు వంకా, ఫోను వంకా చూస్తూ నీళ్ళ కబురు కోసం ఎదురుచూస్తున్నారు. తాలూకా మొత్తంలో ఆ నీళ్ళు ఇంకో నాలుగు వారాలు ఆలస్యమైతే బాగుండునని కోరుకున్న దుర్మార్గురాలిని నేనొక్కతెనే (ఈ కోరిక పిన్నికి కూడా చెప్పలేదు). డౌటమ్మ చేతిలోంచి ఫోను పోయేలోపు కష్టమైన పాఠాలు ముగించాలని నా ఆరాటం. రోజుకో వీడియో తీసి పెట్టేదాన్ని.

అలా ఘనపరిమాణాల పాఠం వచ్చింది. పుస్తకంలో కాలువ మీద ఒక లెక్క ఉంది. ఇంత వెడల్పు కాలువలో, ఇంత లోతున, ఇంత వేగంతో నీళ్ళు పారితే ఎంత భూమి తడుస్తుంది అని. ఎదురుగా అసలు కాలువ ఉండగా నల్లబల్ల మీద బొమ్మ గీయడమెందుకు అనిపించింది. అక్కడే నా తెలివి నన్ను ముంచింది. ఇస్త్రీ చేసిన నీలం చీర కట్టుకుని, మెడలో బడి ఇచ్చిన గుర్తింపు కార్డు వేసుకుని, ముఖానికి మాస్కు పెట్టుకుని (అప్పుడు అది లేకుండా గడప దాటితే పిన్నే తిట్టేది), చేతిలో పొడవాటి బెత్తంతో గేటు పక్కన నిలబడ్డాను. కాలువ ఎండిపోయి ఉంది. స్టూలు కాలికి ఫోను కట్టి మొదలుపెట్టాను. “పిల్లలూ, రేపు పొద్దున ఈ కాలువల నీళ్ళు వదులుతున్నరు అనుకుందాం” అన్నానో లేదో, ఒక గేదె తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి నాకూ ఫోనుకూ మధ్య అడ్డంగా నిలబడింది. కాసేపు వీడియోలో గేదె పొట్ట తప్ప ఇంకేమీ లేదు. దాన్ని బెత్తంతో అదిలించి, చీర సర్దుకుని, ఆపిన చోటి నుంచి అందుకున్నాను. “ఆఁ, రేపు పొద్దున ఈ గేటు ఎత్తుతున్నరు. నీళ్ళు చివరి పొలం దాక పోతయి. నడుమల యాడా ఆగయి. అందరు తయారుగ ఉండండి. ఎవరి భూమి ఎంత తడుస్తదో జర లెక్క చూసుకోండి.” మళ్ళీ మొదటి నుంచి తీసే ఓపిక లేక, గేదెతో సహా గ్రూపులో పెట్టేశాను.

పిన్నికి కూడా పంపితే, ఆమెకు ఆ వీడియో తెగ నచ్చింది. మా గ్రూపు ఉన్న యాప్‌లోనే స్టేటస్ పెట్టడం ఆమె అప్పుడే నేర్చుకుంది. తన ఇంట్లో ఉండే టీచరమ్మ ఎంత చక్కగా పాఠం చెబుతుందో చుట్టాలందరికీ చూపించాలని ముచ్చటపడింది. ఆ రోజుల్లో స్టేటస్‌లో అరనిమిషం వీడియోనే పట్టేది, మిగతాది మనమే కత్తిరించుకోవాలి. పిన్ని చాలా శ్రద్ధగా వేలితో జరిపి జరిపి, గేదె ఉన్న భాగమంతా తీసేసి, నేను చీర సర్దుకుని నిటారుగా నిలబడ్డ దగ్గరి నుంచి ఉంచింది. గేదెతో పాటు ‘అనుకుందాం’ కూడా పోయింది. ఆమె చేసింది కేవలం నా మీది ప్రేమతో. ఆ ముక్కను ఎవరు ఎత్తుకున్నారో, ఎక్కడెక్కడ తిప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. సాయంత్రమయ్యేసరికి అది చుట్టుపక్కల రైతుల గ్రూపులన్నిటికీ చేరింది. దాని నెత్తిన ఎవరో ఇలా రాశారు: ‘నీరావరి ఆఫీసుకు కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ గారి ప్రకటన. చివరి రైతులందరికీ పంపండి.’

మరునాడు పొద్దున వరండాలో కూర్చుని టీ తాగుతుంటే, ఇంటి ముందు నుంచి బైకులు, ట్రాక్టర్లు, భుజాన పారలు వేసుకున్న మనుషులు వరసగా గట్టు వైపు వెళుతున్నారు. “ఏంది పిన్నీ, గింతమంది యాడికి పోతున్నరు?” అన్నాను. “కాలవ వదులుతున్నారంటమ్మా! ఎవరో కొత్త ఇంజనీరమ్మంట, చిన్నపిల్లేనంట, చివరిదాకా ఇచ్చి తీరతానందంట. ఇదిగో మా ఆడపడుచు పంపింది, ఇప్పుడే వచ్చింది చూడు” అంటూ పిన్ని ఫోను నా ముందు పెట్టింది. ఇద్దరం తలలు దగ్గరపెట్టి చూశాం. పిన్ని మొదట మెచ్చుకోలుగా తలాడించింది. “అబ్బ, ఎంత ధైర్యంగా చెబుతుందో చూశావా? చీర కూడా బాగుంది. అచ్చం నీ నీలం చీరలాగే...” అని ఆగిపోయింది. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. లోపల్నుంచి ఎన్నడూ మాట్లాడని బాబాయి గొంతు వినిపించింది. “నిన్న దూడ దగ్గరికి పోతా ఆ బొమ్మలో దూరింది మన గేదేగా?”

అదే సమయానికి సెక్రటరీ గారి ఫోను. “మేడంగారూ, మీరు కాలవకి నీళ్ళు వదులుతున్నారంట?” అన్నారు. నేను ఏదో గొణిగాను. “బడికి నీళ్ళొదలకండి తల్లీ” అని పెట్టేశారు.

చేసేదేముంది? నిజం చెప్పాలని మాస్కు పెట్టుకుని గట్టుకు బయలుదేరాను. తోడుగా పిన్ని, కాస్త వెనకగా బాబాయి. గేటు దగ్గర జాతరలాగా జనం. ఆడవాళ్ళు పళ్ళేల్లో పసుపూ కుంకుమా కొబ్బరికాయలూ పట్టుకుని, వచ్చే గంగమ్మకు ఎదురెళ్ళడానికి సిద్ధంగా ఉన్నారు. గేటు ఎత్తే లస్కరు తాళంచెవి లుంగీ ముడిలో దాచుకుని, గేటు చక్రాన్ని రెండు చేతులా వాటేసుకుని, “నన్గ గొత్తిల్రి! నాకు ఆర్డరే రాలే, నాకేం ఎరుక లేదు” అని కన్నడమూ తెలుగూ కలిపి మొత్తుకుంటున్నాడు. అంతలో ఎవరో నన్ను చూశారు. చీర మార్చుకున్నాను గానీ మాస్కు అదే, మెడలో కార్డు అదే. “అదిగో, ఇంజనీరమ్మ గారొచ్చేశారు!” అని కేక. నేను నోరు తెరిచేలోపే మెడలో బంతిపూల దండ పడింది. భుజాల మీద శాలువా కప్పారు. ఒక పెద్దావిడ నా గడ్డం పట్టుకుని, “నీ కడుపు చల్లగుండ తల్లీ, మా కడగొట్టు పొలాలని ఇన్నాళ్ళకి గుర్తుపెట్టుకున్నావు” అంది. నిజం చెప్పాలని వచ్చినదాన్ని, వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టాను. ఇప్పటికీ నన్నెవరూ అంత మనసారా దీవించలేదు, ఆ దీవెన నాది కాకపోయినా.

చివరికి మాస్కు కిందికి లాగి, “పెద్దమ్మా, నేను ఇంజనీరు గాను. లెక్కల టీచర్ని. అదంత పిల్లలకు చెప్పిన లెక్క” అన్నాను. వెనకున్నవాళ్ళకు సరిగ్గా వినపడలేదు. “మీ లెక్క ఏదైతే ఏంటండీ, నీళ్ళు వదలండి చాలు” అన్నారు. పిన్ని ముందుకొచ్చి, గొంతు చించుకుని, స్టేటస్ సంగతీ గేదె సంగతీ మొత్తం చెప్పింది. నమ్మినవాళ్ళు కొందరు, నమ్మనివాళ్ళు కొందరు. ఆఫీసువాళ్ళు మాట మార్చడానికి ఎవరో టీచరమ్మను పట్టుకొచ్చారని ఒకాయన అన్నాడు. అప్పుడు గుంపును తోసుకుంటూ ఒక బక్కపలచని పిల్ల, నా భుజం దాకా కూడా రాదు, ముందుకు వచ్చింది. వచ్చి, పక్కనే నిలబడ్డ బారెడు మీసాల మనిషి చొక్కా జేబులోంచి ఫోను లాగి, “మా గ్రూపులో మొత్తం వీడియో ఉందండి, చూపిస్తాను” అంది. ఆ గొంతు వినగానే నాకు తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ మీసాల వెనక దాక్కున్న నా డౌటమ్మ ఈ బక్కపిల్లే.

ఆ వీడియోను ఆమె అప్పుడే మొదటిసారి తెరిచింది. నీళ్ళ కబురు వచ్చిన క్షణం నుంచి షరతు ప్రకారం ఫోను నాన్న జేబులోకి వెళ్ళిపోయింది మరి. పిల్లకు ఒక్కసారి చూపించి ఉంటే నా గొంతు గుర్తుపట్టి అక్కడే చెప్పేసేది. తెర మీద చిన్న చక్రం తిరిగింది, తిరిగింది, అందరూ దాన్నే చూశారు. తరువాత నా మాట, ఆ ‘అనుకుందాం’, ఆ వెంటనే తెర నిండా గేదె. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో నవ్వు గట్టు పొడుగునా పాకింది. ఒక ముసలాయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, “ఇంతకీ జవాబెంతమ్మా? ఎన్నెకరాలు తడుస్తదంటావు?” అని అడిగాడు. నేను కూడా నవ్వేదాన్నే. కానీ డౌటమ్మ నాన్న నవ్వలేదు.

“విత్తనాలు నానబోసేశానమ్మా” అన్నాడు. అరవలేదు, మామూలుగానే అన్నాడు. నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. వరి విత్తనం నీళ్ళలో పడ్డాక వెనక్కి తీసేది కాదు. మొలక వచ్చేస్తుంది. నారుమడిలో చల్లకపోతే కుళ్ళిపోతుంది. ఆయన పొలంలో చల్లడానికి చుక్క నీరు లేదు. అక్కడున్నవాళ్ళలో రాత్రికి రాత్రే నమ్మి నానబోసింది ఆయనొక్కడే. అందరికంటే చివరి పొలం కదా, అందరికంటే ఎక్కువ ఆశపడ్డాడు. కూతురి చేతిలోంచి ఫోను తీసుకుని, “ఇహ ఈ గ్రూపులొద్దు, ఈ ఫోను చదువులొద్దు. చాల్లే” అని, మా అందరి ముందూ ఏదో నొక్కాడు. నా చేతిలో ఫోను టింగ్‌మంది. ఆయన గ్రూపులోంచి వెళ్ళిపోయినట్టు చిన్న అక్షరాలు కనిపించాయి. డౌటమ్మ నా వంక చూసింది. ఏడవలేదు. ఏదో అడగబోయి ఆగిపోయింది. ఎప్పుడూ అడగడానికి వెనకాడని పిల్ల అలా ఆగిపోవడం నేను చూడలేకపోయాను. నా మెడలో బంతిపూల దండ ఇంకా అలాగే ఉంది. అంత సిగ్గు నేను మళ్ళీ ఎన్నడూ పడలేదు.

అప్పుడు పిన్ని, “కత్తిరించింది నేను. గేదె మాది. అన్నయ్యగారూ, ఆ విత్తనాలు తెచ్చి మా బోరు కింద చల్లుకోండి” అనేసింది. అని, భర్త వైపు తిరిగింది. ఇది చిన్నమాట కాదు. కాలువ మొదటివాళ్ళకూ చివరివాళ్ళకూ మధ్య ఆ గేటు గురించి ఎన్ని తగాదాలు జరిగాయో చెప్పలేం. పెళ్ళిళ్ళలో కూడా వేరు వేరు బంతుల్లో కూర్చునేవాళ్ళు. జనమంతా బాబాయి వంక చూశారు. ఆయన నెమ్మదిగా గొంతు సవరించుకుని, “గట్టు పక్క రెండు మళ్ళు ఖాళీగానే ఉన్నాయి. సాయంత్రం దమ్ము చేయిస్తాను” అన్నాడు. అంతే. డౌటమ్మ నాన్న మీసాలు ఒకసారి కదిలాయి. తలూపి బైకెక్కి వెళ్ళిపోయాడు. అందరి పళ్ళేల్లోనూ కొబ్బరికాయలు మిగిలిపోయాయి కాబట్టి, ఎలాగూ తెచ్చాం కదా అని, ఎండిన కాలువకే పూజ చేసేశారు. శాలువా నన్నే ఉంచుకోమన్నారు.

ఆ విత్తనాలు మా గట్టు పక్క మడిలో పడ్డాయి. నారు మొలిస్తే పిట్టలు వాలతాయి, ఎవరో ఒకరు కాపలా ఉండాలి. నాన్నకు అంత దూరం రోజూ రావడం కుదరదు. అందుకని డౌటమ్మను పంపాడు. పొద్దున ఎవరి బైకు వెనకో ఎక్కి వచ్చేది, డబ్బా మీద కర్రతో కొట్టి కొంగల్ని తోలేది. నేను నా స్టూలుతో సహా గట్టెక్కేదాన్ని. మొదటిరోజు ఆమె ఏమీ అడగలేదు. రెండోరోజూ అడగలేదు. ఆ తరువాత ఒక పొద్దున, డబ్బా వాయించడం ఆపి, “మేడం, ఒక డౌటండి. ఆ లెక్కలో కాలవ చివరిదాకా అంతే వేగంగా ఎందుకు పారుతుందండి? మా దాకా వచ్చేసరికి పాకుతుంది కదండి” అంది. నేను కర్రతో మట్టిలో బొమ్మ గీసి చెప్పడం మొదలుపెట్టాను. సిగ్నలు కోసం అక్కడే కూర్చునే మిగతా కొంగలు (పిల్లలే) ఒక్కొక్కటిగా ఫోన్లు జేబుల్లో పెట్టుకుని దగ్గరికి జరిగాయి. మధ్యలో దూరం పాటించండని నేను అరవడం, వాళ్ళు జరిగినట్టే జరిగి మళ్ళీ దగ్గరికి రావడం. నన్ను ఆన్‌లైన్ క్లాసు చెప్పమంటే గట్టు మీద బడి పెట్టానని తెలిసి సెక్రటరీ గారు వచ్చి చూశారు. కాసేపు నిలబడి, “సిగ్నలు ఇక్కడ బాగుందన్నమాట” అని వెళ్ళిపోయారు. పిన్ని రోజూ మజ్జిగ పంపేది. గేదె కూడా రోజూ వచ్చేది.

కొన్ని వారాల తరువాత నిజంగానే నీళ్ళు వదిలారు. ఈసారి ఆఫీసువాళ్ళు కాగితం అంటించినా, చివరివాళ్ళు ఎవరూ నమ్మలేదట. నీళ్ళు కళ్ళతో చూశాకే నారు పోసుకున్నారు. డౌటమ్మ నాన్న నారు మాత్రం అప్పటికే ఏపుగా ఎదిగి ఉంది. బాబాయి ట్రాక్టరులోనే నారు కట్టలు వేసుకుని ఆయన వెళ్ళాడు. ఆ ఏడు చివరి పొలాల్లో అందరికంటే ముందు నాట్లు పడింది అందరికంటే చివరి పొలంలోనే. ఆ సాయంత్రం గ్రూపులో మళ్ళీ చేర్చమని నా ఫోనుకు ఒక అభ్యర్థన వచ్చింది. చేర్చాను. బారెడు మీసాలు ప్రత్యక్షమయ్యాయి. మాటేమీ లేదు, ఒక ఫొటో మాత్రం పెట్టాడు. చీలమండ లోతు నీళ్ళలో పచ్చటి నాట్లు, ఆ గట్టున పుస్తకం పట్టుకుని కూర్చున్న డౌటమ్మ. ఫోను ఎవరి దగ్గరుండాలన్న షరతు గురించి ఆయన మళ్ళీ ఎత్తలేదు. నేను ఆ ఫొటోకు రైటు గుర్తు పెట్టాను. ఈసారి పరధ్యానంలో కాదు.

ఇప్పుడు నేను రాయచూరు టౌనులో, గోడంత తెర ఉన్న బడిలో పనిచేస్తున్నాను. డౌటమ్మ సింధనూరులో డిగ్రీ చదువుతూ, సెలవు రోజుల్లో వాళ్ళ క్యాంపు పిల్లలకు ఫోనులో లెక్కలు చెబుతుంది. ఆ వీడియోలు నాకు పంపుతుంది. చక్కగా చెబుతుంది గానీ ఒక్కటే చిక్కు. ఎవరు ఎక్కడ కత్తిరించినా పర్లేదని, పాఠం పొడుగునా ప్రతి రెండు మాటలకూ ‘అనుకుందాం’ అంటుంది. వినలేక చస్తాం. ఏమనడానికీ నాకు నోరు లేదు.

ఆ అరనిమిషం ముక్క మాత్రం చావలేదు. ప్రతి ఏడూ కాలువ వేళకు ఏదో ఒక గ్రూపులో లేచి తిరుగుతుంది. మొన్న యాపలదిన్ని నుంచి మా నాయన పంపాడు (ఈ కథ ఇంట్లో నేను ఎన్నడూ చెప్పలేదు). కింద తన గొంతుతో, “బిడ్డా, చూసినవా? ఈ ఇంజనీరమ్మ మాట మన దిక్కు మాట లెక్కనే ఉంది. ఎవరి పిల్లనో ఏమో, చివరి పొలం దాక నీళ్ళిస్తనంటుంది. అసొంటోళ్ళుండాలె” అని పంపాడు. ఆ ముక్కను మళ్ళీ చూశాను. నీలం చీర, మాస్కు పైన మెరుస్తున్న కళ్ళు, చేతిలో బెత్తం. నీళ్ళు నడుమల ఎక్కడా ఆగవని ఎంత నమ్మకంగా చెబుతోందో ఆ పిల్ల. అసలు సంగతి మొత్తం టైపు చేశాను, మళ్ళీ చెరిపేశాను. “అవు నాయనా, మంచిగనే చెప్పింది” అని రాసి పంపించాను.